గోదావరి డెల్టాలో సాగు ఉత్పాదకత ఎంత పెరిగింది? దాన్ని ఎలా కొలవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: "గోదావరి డెల్టాలో గత పాతికేళ్లలో వ్యవసాయ ఉత్పాదకత ఎంత పెరిగిందో నా పీహెచ్‌డీలో తేల్చాలి. ఎకరా దిగుబడి లెక్క సరిపోతుందా, లేక టీఎఫ్‌పీ, అంటే మొత్తం పెట్టుబడులన్నీ కలిపి చూసే ఉత్పాదకత కట్టాలా? ప్రభుత్వ గణాంకాలను ఎంతవరకు నమ్మొచ్చు?"

నేను మొదట మండల స్థాయిలో పంట కోత ప్రయోగాలు (చేలో కొలిచిన చిన్న మడి కోసి, తూచి దిగుబడి అంచనా వేయడం) చేయించాను. తర్వాత సాగు ఖర్చుల సర్వే పని మీద చాలాకాలం డెల్టా ఊళ్లు తిరిగాను. ఆ అనుభవంతో రాస్తున్నాను, కాస్త పొడవైనా ఓపిగ్గా చదవండి.

సూటిగా చెప్పాలంటే, ఎకరా దిగుబడి ఒక్కటే సరిపోదు. టీఎఫ్‌పీ కట్టాల్సిందే. కానీ కష్టం ఫార్ములాలో లేదు, భాగహారంలో కింద వేసే అంకెలో, అంటే పెట్టుబడుల లెక్కలో ఉంది. వరి దిగుబడి మీద జిల్లా స్థాయి ప్రభుత్వ లెక్క పనికొస్తుంది. కూలి రోజులు, యంత్రాల గంటలు, అసలు సాగు చేసేదెవరు అన్న విషయాల్లో మన రికార్డులు బలహీనం. పరిశోధకులు ఎక్కువమంది పైఅంకె మీద తర్జనభర్జన పడి, కింది అంకెను ఎవరో ఇచ్చిన పట్టికలోంచి దించేసుకుంటారు. తప్పంతా అక్కడ దూరుతుంది.

ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానో చిన్న లెక్కతో చూపిస్తాను. ఇవి ఊహించి వేసిన అంకెలు, ఏ సర్వేలోవీ కావు. ఒక ఎకరం సార్వా (ఖరీఫ్) వరి. అప్పట్లో 28 బస్తాలు పండేది, ఇప్పుడు 33. అప్పట్లో 50 కూలి రోజులు పట్టేవి, ఇప్పుడు 22. ట్రాక్టర్, కోత మిషన్ వాడకం రెట్టింపైంది. ఎరువులు, మందులు, విత్తనం కలిపి 30 శాతం పెరిగాయి. ఖర్చులో వాటాలు: భూమి కౌలు 30 శాతం, కూలి 35, యంత్రాలు 15, మిగతావి 20.

ఎకరా దిగుబడి చూస్తే పెరుగుదల 18 శాతం. కూలి రోజుకు ఎంత పండింది అని చూస్తే 168 శాతం. వాటాలతో తూచి, లాగరిథమ్‌లు వేసి, టార్న్‌క్విస్ట్ పద్ధతిలో టీఎఫ్‌పీ కడితే సుమారు 34 శాతం. అదే ఎకరం, అదే రైతు, మూడు జవాబులు. మూడూ నిజమే, కానీ మూడు వేర్వేరు ప్రశ్నలకు. మొదటిది భూమి గురించి, రెండోది మనిషి శ్రమ గురించి, మూడోది పెట్టినదంతా కలిపి చూస్తే ఎంత మిగులుగా వచ్చిందన్నదాని గురించి. కూలి రోజుకు దిగుబడి అంత ఎగరడానికి పెద్ద కారణం మనిషి చోట మిషన్ రావడం. దాన్ని సాంకేతిక ప్రగతి ఖాతాలో రాసేస్తే మిషన్ అద్దె ఎవరు కట్టారన్నది కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి. ఇప్పటి కూలి రోజులు 22 కావు, నిజానికి 30 అనుకోండి. టీఎఫ్‌పీ పెరుగుదల 34 నుంచి 21 శాతానికి దిగిపోతుంది. ఎనిమిది కూలి రోజులు లెక్కలోకి రాకపోతే ఇంత తేడా. డెల్టాలో సరిగ్గా ఇదే జరుగుతోంది.

కూలి లెక్క ఎక్కడ జారిపోతుందంటే

ఒకప్పుడు రైతు ఇంట్లో రోజుకూలి లెక్క పుస్తకం ఉండేది. ఫలానా రోజు ఊడ్పుకి ఎనిమిది మంది, కలుపుకి ఆరుగురు అని రాసుకునేవారు. ఇప్పుడు పని అంతా గుత్త. ఊడ్పు ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు, ముఠా దిగుతుంది, మధ్యాహ్నానికి అయిపోతుంది, డబ్బు మేస్త్రి చేతిలో పెడతారు. ఎంతమంది వచ్చారని రైతుని అడిగితే "పది మంది ఉంటారండి" అంటాడు. ఆయన లెక్కపెట్టలేదు, ఆయనకి అవసరమూ లేదు. సర్వే వివరాలు రాసుకునే మన ఎన్యూమరేటర్ ఆ పదినే రాసుకొస్తాడు. ఇంకొందరు గుత్త మొత్తాన్ని రోజుకూలి రేటుతో భాగించి రోజులు రాబడతారు. గుత్తలో పనిచేసేవాళ్లకు రోజుకి పడేది మామూలు కూలి కంటే ఎక్కువ, పని గంటలు వేరు. కాబట్టి ఆ భాగహారమూ పొరపాటే.

పెనుగొండ వైపు ఒక ఊళ్లో నేను పట్టుకున్న దారి ఇది: రైతుని కాదు, ముఠా మేస్త్రిని అడగాలి. ఆవిడ దగ్గర చిన్న నోటుబుక్కు ఉంది. వచ్చిన ఆడవాళ్ల పేర్లు ఒక పక్క, ఏ రోజు ఎవరి చేలో ఎన్ని ఎకరాలు ఊడ్చారో ఇంకో పక్క, అడ్వాన్సు తీసుకున్నవాళ్ల పేరుకి చుక్క. తన వాళ్లకి డబ్బు పంచాలి కాబట్టి అందులో ఒక్క తల కూడా తప్పిపోదు. రైతు చెప్పిన పది, ఆ పుస్తకంలో పదమూడు. ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు గట్టెక్కారో కూడా ఆవిడే చెప్పింది. ఇప్పుడు కొన్ని ఊళ్లకు ఊడ్పులకి బెంగాల్ నుంచి కూడా ముఠాలు వస్తున్నాయి. వాళ్ల లెక్క కావాలంటే తీసుకొచ్చే ఏజెంటు దగ్గరకే వెళ్లాలి, స్థానిక కూలీల సర్వేలో వాళ్లు అసలు కనిపించరు.

ఇంటి మనుషుల శ్రమ ఇంకో సమస్య. రైతు పొద్దున్నే చేనుకి వెళ్లి బోదె కట్ట చూసుకుని, నీరు పెట్టి, టీ తాగి వచ్చేస్తాడు. అది రోజా, గంటా? భార్య విత్తనం కట్టడం, నారుమడి చూసుకోవడం, కూలీలకు టీ, అన్నం పంపడం ఏ గడిలోనూ పడదు. జాతీయ సర్వేల్లో "వ్యవసాయదారు" అని ఒక మనిషిని నమోదు చేసి, ఏడాది మొత్తం ఉత్పత్తిని ఆ తలలతో భాగిస్తే ఉత్పాదకత చాలా తక్కువ కనిపిస్తుంది. అదే మనిషి మిగతా నెలలు ఉపాధి హామీకో, మేస్త్రీ పనికో, రొయ్యల చెరువుకో వెళ్తున్నాడు. తలకి కాదు, గంటకి లెక్క కట్టండి. ఆఫ్రికా దేశాల మీద జరిగిన పనిలోనూ ఇదే తేలింది: మనిషికి ఉత్పత్తి చూస్తే వ్యవసాయం మిగతా రంగాల కంటే ఎంతో వెనకబడినట్టుంటుంది, పనిచేసిన గంటకి చూస్తే ఆ తేడా చాలా కరిగిపోతుంది.

బస్తా అంటే ఎంత?

ఇక పైఅంకె, అంటే ఉత్పత్తి. మన వైపు బస్తా అంటే 75 కిలోలు. రైతు నోట దిగుబడి ఎప్పుడూ బస్తాల్లోనే. కొనుగోలు కేంద్రంలో గోనె సంచుల సైజు వేరు, మిల్లర్ తరుగు తీసేది వేరు. "ముప్పై రెండు అమ్మానండి" అంటే తరుగు పోగా మిగిలినదా, మొత్తమా? ఇంటికి తిండికి ఉంచుకున్నది, విత్తనానికి తీసిపెట్టినది కలిపా, కాకనా? ఈ మూడూ విడివిడిగా అడగకపోతే అంకెకి అర్థం లేదు.

తడి ఇంకా పెద్ద సంగతి. పనలు ఆరబెట్టి, కుప్ప వేసి, నూర్చి తూచే రోజుల్లో ధాన్యం ఆరి ఉండేది. ఇప్పుడు కోత మిషన్ దిగిన గంటలో ధాన్యం ట్రాక్టర్ తొట్టిలో ఉంటుంది, తేమ ఇరవై శాతం దాటి. ప్రభుత్వ కొనుగోలుకి 17 శాతం లోపు ఉండాలి. 22 శాతం తేమతో 32 బస్తాలు తూగిన ధాన్యం 14 శాతానికి ఆరేసరికి 29 బస్తాలు. అంటే పాతికేళ్ల కిందటి పొడి బస్తాని ఇప్పటి పచ్చి బస్తాతో పోలిస్తే, ఏమీ పెరగకుండానే పదోవంతు పెరిగినట్టు కనిపిస్తుంది. రైతుల్ని అడిగి దిగుబడి తీసుకునే సర్వే చేస్తే చేతిలో తేమ మీటర్ లేకుండా వెళ్లకండి.

పైగా ప్రభుత్వ ప్రచురణల్లో చాలావాటిలో ఉండేది ధాన్యం కాదు, బియ్యం. మూడింట రెండు వంతుల లెక్కన మార్చి వేస్తారు. ఒక పట్టికలో ధాన్యం, ఇంకో పట్టికలో బియ్యం తీసుకుని వృద్ధి రేటు కట్టిన థీసిస్ ఒకటి నా చేతికి వచ్చింది. యూనిట్ చూడనందుకు మూడేళ్ల పని వృథా.

గడ్డి సంగతి కూడా చెప్పాలి. పూర్వం వరిగడ్డి ఉత్పత్తిలో భాగం, పశువులకి మేత, మేటు వేసుకునేవారు, అమ్ముకునేవారు. మిషన్ కోతలో గడ్డి చాలావరకు చేలోనే చెదిరిపోతుంది. సాగు ఖర్చుల సర్వేలో ఉప ఉత్పత్తి విలువ విడిగా రాస్తారు. దాన్ని వదిలేయకండి, అది తగ్గిపోవడం కూడా ఉత్పత్తి తగ్గడమే.

పంట కోత ప్రయోగాలను ఎంత నమ్మాలి?

మన దేశంలో దిగుబడి అంచనాలకు ఆధారం ఇవే. 1940ల్లో గణాంక శాస్త్రవేత్తల మధ్య దీని మీద వాదన నడిచింది: మహలనోబిస్ చిన్న కోతలు చాలన్నారు, సుఖాత్మే పెద్ద మడులు కావాలన్నారు. చివరికి స్థిరపడింది పెద్ద మడి పద్ధతే. వరికి 5 మీటర్లు, 5 మీటర్లు. ఊరు, సర్వే నంబరు, చేనులో స్థానం అన్నీ యాదృచ్ఛిక సంఖ్యలతోనే తీస్తారు. చేను నైరుతి మూల నుంచి పొడవున ఇన్ని అడుగులు, వెడల్పున ఇన్ని అడుగులు నడిచి అక్కడ మొదటి మేకు కొడతారు. నాలుగు మేకులు కొట్టాక మూలకి మూల కొలిచి చూడాలి, 7.07 మీటర్లు రాకపోతే మడి వంకర. వచ్చిన కిలోలను 400తో గుణిస్తే హెక్టారుకి, సుమారు 162తో గుణిస్తే ఎకరానికి. మడిలో 15 కిలోలు వస్తే హెక్టారుకి 6,000 కిలోలు, ఎకరానికి 32 బస్తాల పైచిలుకు.

ఇందులో మనిషి చెయ్యి పనిచేసేది మేకుల చుట్టూ కట్టిన తాడు దగ్గర. వరుసల మధ్య 20 సెంటీమీటర్లు ఉంటే 5 మీటర్ల మడిలో 25 వరుసలు పడతాయి. తాడు మీద ఉన్న వరుసని లోపలిదని కోసేస్తే దిగుబడి 4 శాతం పెరిగిపోతుంది. దుబ్బు మొదలు లోపల ఉంటేనే కోయాలని నియమం. కానీ కంకులు లోపలికి వాలి ఉంటాయి, కూలీ కొడవలి ఆగదు. అందుకే కోసేటప్పుడు ఎవరో ఒకరు తాడు పక్కనే కూర్చుని చూడాలి. మీటరు మడి అయితే ఇదే పొరపాటు 20 శాతం అవుతుంది. సుఖాత్మే వాదనలోని బలం చేలో నిలబడితే వెంటనే తెలుస్తుంది.

ఇటీవల పెద్ద ఇబ్బంది కోత మిషన్ వల్ల వచ్చింది. మిషన్ దొరికిన రాత్రే రైతు కోయించేస్తాడు. మర్నాడు మన సిబ్బంది వెళ్లేసరికి ఎంపికైన చేను ఖాళీ. దాని బదులు పక్క చేను తీసుకుంటారు. పక్క చేను ఇంకా నిలిచి ఉందంటే దానికో కారణం ఉంటుంది: ఆలస్యంగా ఊడ్చారో, నీరు దిగలేదో, పడిపోయిందో. ఇలా మారిన చేలు ఎక్కువైతే సగటు ఒక పక్కకి ఒరుగుతుంది. పంటల బీమా చెల్లింపు ఈ ప్రయోగాల మీదే ఆధారపడ్డ చోట దిగుబడి తక్కువ రాయించాలన్న ఒత్తిడి కూడా ఉంటుంది.

ఇన్ని చెప్పినా, జిల్లా స్థాయిలో, మూడేళ్ల సగటుగా చూస్తే ఈ లెక్కల మీద నాకు నమ్మకం ఉంది. మండల స్థాయికి దిగితే ప్రయోగాల సంఖ్య తక్కువ, ఊగిసలాట ఎక్కువ. ఊరి స్థాయిలో వాటితో ఏమీ తేల్చకండి.

వరి చేలు చెరువులైతే సగటు పెరుగుతుంది

ఇది డెల్టాకి ప్రత్యేకం, బయటివాళ్లకి తట్టదు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఎన్నో చేలు చేపల, రొయ్యల చెరువులయ్యాయి. 2009 తర్వాత వనామీ రొయ్య రావడంతో అది ఇంకా వేగం అందుకుంది. మొదట చెరువులైనవి చాలావరకు నీరు నిలిచే పల్లపు చేలు, వరికి బాగా కలిసిరానివి. ఒక ఊళ్లో వంద ఎకరాలనుకోండి. డెబ్భై ఎకరాల్లో 32 బస్తాలు, పల్లపు ముప్ఫైలో 20. సగటు 28.4. ఆ ముప్ఫై చెరువులైపోతే మిగిలిన వరి సగటు 32. దాదాపు 13 శాతం పెరుగుదల, ఒక్క రైతు ఒక్క బస్తా ఎక్కువ పండించకుండానే. కాబట్టి మీ కాలంలో మొదటి నుంచి చివరి దాకా వరిగానే ఉన్న సర్వే నంబర్లను విడిగా తీసుకుని చూడండి. పాత అడంగళ్లు (ఊరి పంట రికార్డులు), ఇప్పటి ఈ-క్రాప్ (ఆన్‌లైన్ పంట నమోదు), ఉపగ్రహ చిత్రాలు కలిపితే అది చేయగలరు.

చెరువుల ఆదాయాన్ని కలిపి "వ్యవసాయం, అనుబంధ రంగాల ఉత్పాదకత" అని కడితే అంకె ఆకాశంలో ఉంటుంది. అందులో మేత ఖర్చు ఎంతో ముందు తీసేయండి. రొయ్యల సాగులో ఉత్పత్తి విలువకీ, జోడించిన విలువకీ మధ్య దూరం వరిలో కంటే చాలా ఎక్కువ. పక్క చేలోకి ఊరే ఉప్పునీరు వరి రైతు దిగుబడిలో నష్టంగా పడుతుంది, చెరువు ఖాతాలో ఖర్చుగా పడదు. ఏ టీఎఫ్‌పీ లెక్కా దాన్ని తనంతట తాను పట్టుకోదు.

పంటకా, ఏడాదికా?

డెల్టాలో సార్వా, దాళ్వా (రబీ) రెండూ ఉన్నాయి. కొన్నిచోట్ల వాటి వెనుక అపరాలు. దాళ్వాకి ఎండ బాగుంటుంది, తుపాను భయం తక్కువ, అందుకే దిగుబడి ఎప్పుడూ ఎక్కువే, ఎకరానికి నలభై బస్తాలు దాటడం మామూలే. ఒక ఏడు గోదావరిలో నీరు తక్కువై దాళ్వా విస్తీర్ణం తగ్గిస్తే, రెండు పంటల కలిపిన సగటు దానంతటదే పడిపోతుంది. రైతు నైపుణ్యానికి దానితో సంబంధం లేదు. రెండు పంటలను విడదీసి చూపండి. దాంతోపాటు ఎకరానికి ఏడాదిలో మొత్తం ఎంత వచ్చిందో చూపండి.

పంట కాలం కూడా దిగుబడి అంకెలో కనపడదు. మార్టేరు వరి పరిశోధనా స్థానం 1925 నుంచి పనిచేస్తోంది. అక్కడి నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, ఎరువు తక్కువ వేసినా దిగుబడి ఇచ్చే రకం, ఒడిశా, బెంగాల్ దాకా పాకింది. కానీ సుమారు 145 నుంచి 150 రోజుల పంట. తర్వాత అక్కడి నుంచే 120, 125 రోజుల్లో చేతికొచ్చే ఎంటీయూ 1010, ఎంటీయూ 1121 వంటివి వచ్చాయి. సార్వా మూడు వారాలు ముందు తెమిలితే నవంబరు తుపాను తప్పుతుంది, దాళ్వా ముందే పడుతుంది, కాలువ కట్టేసేలోగా పంట ఒడ్డెక్కుతుంది. ఎకరా దిగుబడి అంతే ఉన్నా ఇది నిజమైన ఉత్పాదకత పెరుగుదల. రోజుకి ఎకరానికి ఎన్ని కిలోలన్న లెక్క ఒక వరుస వేసి చూడండి, మీ థీసిస్‌లో అది మంచి అధ్యాయం అవుతుంది.

విత్తనం విడుదలకీ పొలంలో ఫలితానికీ మధ్య ఏళ్లు పడతాయని కూడా గుర్తుంచుకోండి. 1966లో అధిక దిగుబడి వరి రకం ఐఆర్ 8 విడుదలైతే మరుసటి ఏడే ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు వేసి చూపించారు. అందరూ అంత వేగంగా అందుకోరు. స్వర్ణ విడుదలైన ఏడు ముందూ వెనుకా పోల్చి "రకం ప్రభావం లేదు" అని రాస్తే తప్పు. అలాగే మార్టేరులో పెట్టిన ఖర్చు రైతు పెట్టుబడి లెక్కలో ఉండదు, ఆ ఫలం మాత్రం టీఎఫ్‌పీ పెరుగుదలగా కనిపిస్తుంది.

భూమి, కౌలు

ఎకరం అంటే రికార్డు ఎకరమా, ఊడ్చిన ఎకరమా? గట్లు, కొబ్బరి వరస, బోదె పోగా మిగిలేది వేరు. ఉగాండాలో రైతులు చెప్పిన విస్తీర్ణాన్ని జీపీఎస్‌తో సరిచూస్తే చిన్న కమతాలవాళ్లు ఎక్కువ చేసి, పెద్ద కమతాలవాళ్లు తక్కువ చేసి చెప్పినట్టు తేలింది. మన దగ్గర సర్వే నంబర్లున్నాయి కాబట్టి ఆ స్థాయి తప్పు రాదు. అయినా పది సెంట్ల తేడా ఎకరంలో పదోవంతు. ఫోన్లో జీపీఎస్ ఉంది, గట్టు చుట్టూ తిరిగి రండి. అర ఎకరం కంటే చిన్న మడి అయితే టేపుతో కొలవండి, అంత చిన్నదానికి ఫోన్ జీపీఎస్ మీద ఆధారపడకూడదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది కౌలు విషయం. డెల్టాలో చేలో దిగేవాళ్లలో చాలామంది కౌలుదారులే. రికార్డులో పేరు మాత్రం హైదరాబాద్‌లోనో, వైజాగ్‌లోనో ఉండే యజమానిది. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకి సాగు హక్కు కార్డు ఇవ్వాలి. కానీ దానికి యజమాని సంతకం కావాలి, చాలామంది పెట్టరు. సర్వేకి జాబితా రికార్డు నుంచి తీస్తే, ఎన్యూమరేటర్ యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని ఎరువు ఎన్ని బస్తాలు వేశారో రాసుకొస్తాడు. చెప్పినాయన ఆ చేనుకి ఆ ఏడు వెళ్లి ఉండడు. మీ నమూనా యజమానుల జాబితా నుంచి కాదు, చేలో ఎవరున్నారో చూసి తీయండి.

కౌలుదారు మరో రకంగానూ కావాలి. టీఎఫ్‌పీలో భూమి వాటా తూచడానికి అసలు కౌలు రేటు కన్నా మంచి ఆధారం లేదు. అది బస్తాల్లో మాట్లాడుకుంటారు కాబట్టి ధరల గొడవ కూడా తక్కువ. దిగుబడి పెరిగిన చోట కౌలు కూడా పెరుగుతుంది. అంటే ఉత్పాదకత పెరిగిందని మీరు రుజువు చేసిన చోటే, చెమటోడ్చినవాడికి ఏమీ మిగలకపోవచ్చు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. కూలి ఖర్చు, గిట్టని ధర, బాగుచేయని మురుగు కాలువలు వాళ్లు చెప్పిన కారణాలు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేయాల్సి వచ్చింది. ఉత్పాదకత వేరు, గిట్టుబాటు వేరు. మీ మొదటి అధ్యాయంలోనే ఈ రెంటినీ విడగొట్టండి.

ధరలు, ఏళ్లు, హద్దులు

సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2010-11లో క్వింటాలు 1,000 రూపాయలు, 2023-24లో 2,183. బస్తా ఒక్కటి పెరగకపోయినా ఎకరా విలువ రెట్టింపు దాటుతుంది. కాబట్టి విలువల్లో చూపే ఏ వృద్ధైనా స్థిర ధరల్లో ఉండాలి. దాన్ని వినియోగదారుల ధరల సూచీతో తగ్గిస్తే వచ్చేది రైతు కొనుగోలు శక్తి, ఉత్పత్తి పరిమాణం కాదు.

మొదలు, ముగింపు ఏళ్లు ఎంచుకోవడంలో జాగ్రత్త. 1996 నవంబరు 6న కోనసీమ తుపాను వచ్చింది. 1996-97ని మొదటి ఏడుగా పెట్టుకుంటే ఎవరికైనా గొప్ప వృద్ధి వస్తుంది. 2012 నీలం, 2023 డిసెంబరులో మిచౌంగ్ కూడా అలాంటివే. మూడేళ్ల సగటులతో మొదలుపెట్టి మూడేళ్ల సగటులతో ముగించండి. అలాగని తుపాను ఏళ్లను తీసేయకండి. డెల్టా రైతుకి అవి మినహాయింపులు కావు. తుపాను వచ్చిన ఏడు కొత్త రకం ఎంత నిలబడిందన్నదే ఆ రకం విలువలో సగం.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. పాత తూర్పు గోదావరి, ఇప్పటి తూర్పు గోదావరి ఒకటి కావు, పశ్చిమ గోదావరీ అంతే. ఇప్పటి పశ్చిమ గోదావరి దాదాపు అంతా డెల్టా, మెట్ట భాగం ఎక్కువగా ఏలూరు జిల్లాలోకి పోయింది. పేరు చూసి వరుస కలిపితే 2022లో దిగుబడి ఒక్కసారిగా ఎగిరినట్టుంటుంది. పాత డేటాకి ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) జిల్లా స్థాయి డేటాబేస్ వాడండి. 1966 నాటి హద్దులకు సర్ది ఇచ్చిన వరుస అందులో ఉంది. తర్వాతి ఏళ్లకి కొత్త జిల్లాలను మీరే కలుపుకోవాలి.

నీటి గురించి ఒక్క మాట. కాలువ నీటికి రైతు కట్టేది నామమాత్రం. ధరల వాటాతో తూచే టీఎఫ్‌పీలో నీటికి బరువే ఉండదు, దాళ్వాలో మడి నిండా నిలబెట్టిన నీరు ఉచితంగా వచ్చినట్టే లెక్క. ఘనపు మీటరు నీటికి ఎన్ని కిలోలన్నది వేరే వరుసగా చూపండి.

పెట్టుబడుల డేటా ఎక్కడ దొరుకుతుంది? సాగు ఖర్చుల సమగ్ర పథకం 1970-71 నుంచి నడుస్తోంది. మన రాష్ట్రంలో ఆచార్య ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. ఒక్కో క్లస్టర్‌లో (నమూనాకి ఎంచుకున్న ఊళ్ల గుంపులో) పది కమతాలు, అయిదు సైజు తరగతుల నుంచి రెండేసి, ఏడాదంతా వెంటపడి రాస్తారు. కూలి గంటలు, యంత్రాల గంటలు, ఎరువుల కిలోలు అన్నీ ఉంటాయి. దేశంలో దీనికంటే మంచి డేటా లేదని నా గట్టి అభిప్రాయం. కానీ అది రాష్ట్రం కోసం వేసిన నమూనా. డెల్టాలో పడే క్లస్టర్లు కొద్ది. వాటితో ఒక్క ఏడాది డెల్టా టీఎఫ్‌పీ కట్టి దశాంశ స్థానాలతో రాయకండి. కొన్నేళ్లు కలిపి, ఎంత అటూ ఇటూ ఉండొచ్చో పక్కన చూపండి.

మీరు సొంత సర్వే చేయగలిగితే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల నుంచి ఒక్కో ఊరు తీసుకోండి. ఒకటి కాలువ తల దగ్గర, ఒకటి మధ్యలో, ఒకటి శివారు ఆయకట్టులో. ఊడ్పులప్పుడు ముఠా మేస్త్రిని, కోతలప్పుడు మిషన్ డ్రైవర్‌ని, కల్లంలో కౌలు రైతుని అడగండి. మిషన్ డ్రైవర్ ఫోన్లో ఏ చేలో ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది, డబ్బులు వచ్చేది ఆ గంటలకే. ఊడ్పులు మొదలవకముందే ప్రశ్నావళి నాకు చూపిస్తే, కూలి భాగం వరకు దిద్ది పంపగలను.